చెల్లె ముందే ‘పోతేనే నయం’ అంటే ఏం చేయాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. చెల్లెకు 24 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి). మాట మెల్లగా వస్తుంది, కానీ అన్నీ అర్థమవుతాయి. మొన్న కాజీపేటలో పెళ్లికి వెళ్తే మా పెద్దమ్మ అందరి ముందు "దేవుడు తొందరగా తీసుకుపోతే దీనికీ సుఖం, మీకూ సుఖం" అంది. చెల్లె అన్నం ముట్టలేదు. రాత్రి "నేను భారమా అక్కా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు.

జవాబు: మా బాబు గురించీ ఇలాగే అంటారు. "వాడికి వినిపిస్తుంది, వాడితోనే చెప్పండి" అంటాను. ఆగిపోతారు.

జవాబు: నాది జనగామ, వీల్‌చైర్‌లో ఉంటాను. కావాలని నలుగురిలో అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం, సెక్షన్ 92 కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు. మీ పెద్దమ్మపై కేసు పెట్టమని కాదు. ముందు చెల్లెకు జవాబు చెప్పండి, ఈ రాత్రే.

ప్రశ్న అడిగినవారు: చెప్పాను. చాలాసేపు ఏడ్చింది. "ఈసారి పెద్దమ్మతో నేనే మాట్లాడతా, నువ్వు పక్కనుండు" అంది.