విల్లీస్ ఫ్లాట్‌హెడ్ బ్లాకులో హరికేన్ క్రాంకు: ఎవరైనా వేశారా?

గోదారి_జీపు
తాతయ్య మిలిటరీ వేలంలో కొన్న విల్లీస్ ఎంబీ ఇది, 1944 మోడలు. ఇంజను విప్పితే క్రాంకు షాఫ్టు (పిస్టన్లు తిప్పే ఇరుసు) మూడో పిన్ను (కనెక్టింగ్ రాడ్డు పట్టే చోటు) మీద గీత కనిపించింది, గోరు పెడితే ఆగుతోంది. ఇప్పటికే 40 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) అండర్‌సైజులో, అంటే అంత మేర అరగదీసి ఉంది, ఇంక గ్రైండింగ్ పట్టనని మేస్త్రీ చేతులెత్తేశాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాత మహీంద్రా జీపు క్రాంకు ఒకటి దొరికింది, హరికేన్ ఎఫ్134 ఇంజనుది. మెయిన్ జర్నల్ (బ్లాకు బేరింగుల్లో తిరిగే భాగం) 59.3 మి.మీ., పిన్ను 49.2. మా ఎల్134కి (వాల్వులన్నీ బ్లాకులోనే ఉండే ఫ్లాట్‌హెడ్ ఇంజను) స్టాండర్డ్ కొలతలు కూడా ఇవే కదా. కళ్లు మూసుకుని వేసేయొచ్చా?

లేతుపని
కొలతలు కలవడంలో వింతేం లేదు తమ్ముడూ. రెండిటికీ బోరు 79.4, స్ట్రోకు 111. రెండూ 2.2 లీటర్లే. హరికేన్‌లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులోకి పోయాయి, ఎగ్జాస్టువి బ్లాకులోనే ఉండిపోయాయి. కింది భాగం పాతదే. కళ్లు మాత్రం మూసుకోకు. తేడా వచ్చేది క్రాంకు రెండు చివర్లలోనే. నీ బండిలో క్రాంకు నుంచి కామ్ షాఫ్టుని (వాల్వులు తెరిచే ఇరుసు) తిప్పేది టైమింగ్ చైనుతోనా, గేరుతోనా?

గోదారి_జీపు
చైనే అన్నా. కొన్న క్రాంకు ముక్కు మీద మాత్రం గేరు బిగించి ఉంది.

పాతబండి_పిచ్చోడు
అయితే నేను పడిన గోతిలో నువ్వు పడకు. యుద్ధకాలపు బళ్లన్నీ చైనువే. యుద్ధం అయ్యాక సీజే2ఏ (విల్లీస్ వారి సివిల్ జీపు) తయారవుతుండగా మధ్యలో గేర్లకు మారారు. నేను గేరు కూడా ఉంది కదా అని దాని జత కామ్ షాఫ్టు కూడా కొనుక్కొచ్చి వేసేశాను. ఆయిల్ పంపు పెట్టబోతే పళ్లు పట్టవు! మేస్త్రీ సుత్తి అందుకున్నాడు, నేనే ఆపాను. చైనుంటే కామ్, క్రాంకు ఒకే వైపు తిరుగుతాయి, గేరు పెడితే కామ్ ఎదురు తిరుగుతుంది. అందుకే పంపు నడిపే వంకర పళ్లు కూడా రెండో వైపుకి కోస్తారు. చైను బండి పంపు గేరు బండికి పనికిరాదు. పైగా గేర్ల మీదకి ఆయిల్ చిమ్మడానికి బ్లాకు ముందు భాగంలో ఓ జెట్టు ఉండాలి, చైను బ్లాకుకి అది లేదు. చివరికి గేరు ఊడబీకి, పాత చైను చక్రాన్నే కొత్త క్రాంకుకి ఎక్కించి, పాత కామే వేశాను. నా క్రాంకుకి కీ గాడి సరిపోయింది, నువ్వు మాత్రం కొలిచి చూసుకో.

టొలీడో_తెలుగోడు
ఒహాయోలో, ఈ జీపు పుట్టిన ఊళ్లో ఉంటున్నాను. వెనక చివర సంగతి నేను చెప్తా. ఫ్లైవీలుకి నాలుగు బోల్టులతో పాటు రెండు టేపరు డోవెల్ బోల్టులు (ఫ్లైవీలు కదలకుండా రంధ్రంలో బిగుతుగా కూర్చునేవి) ఉంటాయి. క్రాంకు మారిస్తే ఆ టేపరు రంధ్రాలు ఒకదానితో ఒకటి కలవవు. క్రాంకు, ఫ్లైవీలు రెండూ బిగించి, ఒకేసారి రీమరు (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి కోసే పనిముట్టు) పట్టించి, 9/16 అంగుళం తిన్నని డోవెల్ బోల్టులు వేయాలి. కంపెనీ మాన్యువల్ చెప్పేదీ ఇదే. నా బండి చేసినాయన నాలుగు బోల్టులు చాల్లే అన్నాడు. ఐడిలింగులో టక్ టక్ అని చప్పుడు. మెయిన్ బేరింగనుకుని ఇంజను కింది ఆయిల్ సంపు దించాను, రెండు వీకెండ్లు దానికే పోయాయి. తీరా చూస్తే ఫ్లైవీలు ఆడుతోంది!

లేతుపని
క్రాంకు వెనక మెయిన్ బేరింగు క్యాపు పక్కల పెట్టే రబ్బరు ముక్కల్ని క్యాపుకి సమంగా కోసేస్తారు చాలామంది. కోయొద్దు. కాస్త బయటికి పొడుచుకుని ఉండాలి, సంపు బిగిస్తే అవే నొక్కుకుంటాయి. కోసేస్తే క్లచ్చు మీదకి ఆయిలే. ఎండ్ ప్లే (క్రాంకు ముందుకీ వెనక్కీ ఆడే ఖాళీ) 0.10 నుంచి 0.15 మి.మీ. మధ్య రావాలి. క్రాంకు ముందు థ్రస్ట్ వాషరు వెనకాల ఉన్న షిమ్ములతో (పల్చటి రేకులు) సరిచేసుకో.

గోదారి_జీపు
పది రోజులైంది, అప్‌డేట్ ఇస్తున్నా. చైను చక్రం కుదిరింది. డయల్ గేజి పెడితే ఎండ్ ప్లే మొదట 0.25 వచ్చింది, రెండు షిమ్ములు తీస్తే 0.14కి దిగింది. రబ్బరు ముక్కలు కోయబోతున్న మేస్త్రీకి లేతుపని అన్న పోస్టు చదివి వినిపించా. "ఆయనెవరో నా పక్కన కూచుని చూసినట్టు రాశాడే" అన్నాడు. ఇక 9/16 రీమరు ఒక్కటే దొరకలేదు. రాజమండ్రి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఉంటే రెండ్రోజులకి అద్దెకిస్తారా?