“రేడియేషన్ సోకింది” అనవచ్చా?

ప్రశ్న (అనువాదకురాలు):

అందరికీ నమస్కారం. ఆసుపత్రి సిబ్బంది కోసం ఒక శిక్షణ పుస్తకాన్ని తెలుగు చేస్తున్నాను. రేడియేషన్ ప్రమాదం జరిగి వందల మంది ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు, రక్తపరీక్షల సాయంతో ఎవరికి ముందు చికిత్స అందించాలో తేల్చే పద్ధతుల మీద అందులో ఒక అధ్యాయం ఉంది. దానికి “రేడియేషన్ సోకినవారి వర్గీకరణ” అని పేరు పెట్టాను. వార్తల్లో తరచూ కనిపించే మాటే కదా అనుకున్నాను. చిత్తుప్రతి చూసిన వైద్యురాలు “సోకిన” కింద గీత గీసి, “ఇది తప్పకుండా మార్చాలి” అని రాశారు. ఇందులో దోషం ఏమిటి?

తెలుగు మాస్టారు:

భాషాపరంగా దోషమేమీ లేదమ్మా. నిఘంటువు తెరిస్తే సోకడానికి తాకడం, తగలడం అనే అర్థాలు కనిపిస్తాయి. ఎండ సోకని చోటు, గాలి సోకని గది అంటాం. అక్కడ రోగం ఊసే లేదు. కిరణాలు వచ్చి ఒంటికి తాకితే “సోకాయి” అనడం చక్కని తెలుగు. అంత మంచి మాటను అంటువ్యాధులకే రాసి ఇచ్చేయడం నాకు ఇష్టం లేదు.

ల్యాబులో పనిచేసినవారు:

మాస్టారూ, పాత అర్థం గురించి మీరు చెప్పింది నిజమే. కానీ ఈ రోజు “ఆయనకు సోకిందట” అంటే విన్నవారు రెండడుగులు వెనక్కి వేస్తారు. కరోనా తరువాత ఆ అర్థం మరీ బలపడింది. రేడియేషన్ విషయంలో ఆ వెనకడుగు మనుషులను ఎంత బాధపెట్టిందో ఒక నగరం చూసింది.

1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియాలో, మూతపడిన ఒక రేడియోథెరపీ క్లినిక్ నుంచి ఇద్దరు యంత్రభాగాన్ని పట్టుకుపోయారు. అది పాత ఇనుము వ్యాపారి దగ్గరకు చేరింది. లోపల సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థపు పొడి ఉంది. చీకట్లో నీలంగా మెరుస్తోందని చుట్టాలను, ఇరుగుపొరుగును పిలిచి చూపించారు, పంచిపెట్టారు, కొందరు ఒంటికి పూసుకున్నారు. వాంతులు మొదలైతే తిండి పడలేదనుకున్నారు. నిజం బయటపడ్డాక స్టేడియానికి జనం పోటెత్తారు. అక్కడ సుమారు 1,12,000 మందిని రేడియేషన్ పసిగట్టే మీటర్లతో పరీక్షించగా, 249 మందికి ఒంటి మీదో ఒంట్లోనో సీసియం ఉందని తేలింది. నలుగురు చనిపోయారు. వారిలో ఒక ఆరేళ్ల పాప. ఖననాన్ని అడ్డుకుంటూ జనం రాళ్లు రువ్వారు. గొయానియా నుంచి వచ్చామంటే వేరే ఊళ్ల హోటళ్లలో గది ఇవ్వని రోజులవి. ఆ జనం మనసులో ఉన్నది సరిగ్గా మన “సోకడమే”.

ఇక వైద్యానికి వస్తాను. గొయానియాలో రెండు వేరు వేరు ఆపదలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది పొడి అంటుకోవడం. బట్టలు విప్పించి స్నానం చేయిస్తే పైనున్న పొడిలో చాలా వరకు పోతుంది. మింగితేనో పీల్చితేనో అది “ఒంట్లోకి చేరింది” అనాలి, దానికి మందు వేరు. రెండోది కిరణాలు ఒంట్లో నుంచి దూసుకుపోవడం. పొడిని ముట్టుకోకపోయినా, అది ఉన్న గదిలో రోజుల తరబడి పడుకున్న మనిషికి ఈ దెబ్బ తగిలే ఉంటుంది. మీటరు అతని దగ్గర పెడితే ఏమీ చూపదు, ఎందుకంటే అతని మీద ఏ పదార్థమూ లేదు. ఎముక మజ్జ మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. వడదెబ్బ తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకు వడదెబ్బ తగలనట్టే, ఇతని వల్ల ఎవరికీ ఏ హానీ లేదు. ఇతన్ని గుర్తించడానికి ప్రధాన ఆధారం రక్తమే.

రక్తంలోని లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) రేడియేషన్‌కు చాలా త్వరగా చనిపోతాయి. మొదటి రెండు రోజుల్లో కొన్ని గంటలకొకసారి రక్తకణాలు లెక్కిస్తే, ఆ సంఖ్య ఎంత వేగంగా పడిపోతోందో తెలుస్తుంది. ఇది ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా చేయగల పని. వాంతులు ఎంతసేపటికి మొదలయ్యాయో కూడా అడుగుతారు, కానీ భయంతోనూ వాంతులు అవుతాయి కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు.

నేను ఏళ్ల తరబడి చేసింది క్రోమోజోముల పరీక్ష. కిరణాలు తెంచిన క్రోమోజోముల ముక్కలు తప్పుగా అతుక్కుంటే, ఒక నడుము (సెంట్రోమియర్) ఉండాల్సిన క్రోమోజోముకు రెండు నడుములు వస్తాయి. మామూలు మనిషి రక్తంలో అలాంటిది సుమారు వెయ్యి కణాలకు ఒకటి కనిపిస్తుంది. ఎన్ని పెరిగాయో లెక్కిస్తే ఎన్ని గ్రేల దెబ్బ తగిలిందో అంచనాకు వస్తుంది (ఒళ్లు పీల్చుకున్న రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం గ్రే). చిక్కల్లా సమయంతోనే. కణాలను పెంచడానికే 48 గంటలు కావాలి, ఆ తరువాత సూక్ష్మదర్శిని ముందు కూర్చోవాలి. మామూలుగా ఒక్కొక్కరికి 500 నుంచి 1,000 కణాలు చూస్తాం. జనం ఎక్కువైతే 50 కణాలతో సరిపెట్టి, ప్రమాదంలో ఉన్నవారిని ముందు పక్కకు తీస్తాం. అంచనా కాస్త మొరటుగా ఉంటుంది, అయినా ప్రాణం నిలబెట్టడానికి అది చాలు. గొయానియాలో నూరు మందికి పైగా ఈ పరీక్ష చేస్తే, 21 మందికి 1 గ్రే దాటింది, వారిలో 8 మందికి 4 గ్రేలు దాటింది. వేలాది మంది వరుసలో నిలబడిన ఊళ్లో వైద్యులు కంటికి రెప్పలా కాచుకోవాల్సింది ఈ కొద్దిమందినే.

మీ శీర్షికలో “సోకిన” అని ఉంటే, చదివిన నర్సు ఆ మనిషిని ముట్టుకోవడానికి వెనకాడవచ్చు. పైగా, మీటరు మోగని వారందరినీ “సోకలేదు, ఇంటికి వెళ్లండి” అని పంపేయవచ్చు. నాకు ఎక్కువ భయం ఈ రెండోదాని గురించే. అందుకే పదార్థం అంటింది, కిరణాలు తగిలాయి అని విడివిడిగా రాయండి.

మరొకరు:

2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం బయటపడి ఒక కార్మికుడు చనిపోయాడు. అక్కడ ఏ మాట సరిపోతుంది?

ల్యాబులో పనిచేసినవారు:

అక్కడ ప్రధానంగా తగలడమే. ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత పరికరంలోని కోబాల్ట్ అది. గొయానియా సీసియంలా నీటిలో ఇట్టే కరిగే పొడి కాదు, లోహపు ముక్కలు. కానీ విరగ్గొట్టిన చోట తునకలు పడి ఉంటాయి కాబట్టి మీటరుతోనూ వెతకాల్సిందే.

తెలుగు మాస్టారు:

కిరణాలకు “తగిలాయి” అన్నది ఒప్పుకుంటున్నాను. ఎండ తగిలింది, సెగ తగిలింది అనే జాతీయాల వరుసలోనే ఒదుగుతుంది. సోకడాన్ని కావ్యాల్లో కాపాడుకుంటాను. కానీ “వర్గీకరణ” నాకు నచ్చలేదు. పుస్తకాలను వర్గీకరిస్తాం. ఇక్కడ జరిగేది ఎవరు ముందు, ఎవరు తరువాత అనే నిర్ణయం కదా? “వడపోత” అయితే?

ల్యాబులో పనిచేసినవారు:

వడపోత వద్దండీ. వడపోస్తే ఏదో ఒకటి పారేస్తాం. ఇక్కడ తక్కువ దెబ్బ తగిలినవారినీ వదిలేయరు, పేరు రాసుకుని ఏళ్ల తరబడి గమనిస్తారు. ఎవరికి ముందు చికిత్స అని తేల్చడాన్ని ఆసుపత్రుల్లో అందరూ “ట్రయాజ్” అనే అంటారు.

అనువాదకురాలు:

అందరికీ కృతజ్ఞతలు. సిబ్బంది పుస్తకంలో “ట్రయాజ్” అలాగే ఉంచుతాను. శీర్షిక “రేడియేషన్ తగిలినవారిలో ఎవరికి ముందు చికిత్స: రక్తపరీక్షలతో తేల్చడం” అని మార్చాను. పొడి అంటినవారి సంగతి వేరే అధ్యాయంలో ఉంది, అక్కడ కూడా “సోకిన” అని పదకొండు చోట్ల రాశాను, దిద్దుతున్నాను. “మోతాదు” మీద కూడా ఒక అనుమానం ఉంది. వైద్యుడు ఇచ్చేది మోతాదు గానీ, ప్రమాదంలో తగిలినదాన్ని ఆ మాటతో చెప్పవచ్చా? దాన్ని వేరే టపాగా పెడతాను.