1948–49 నాటి మునగాల పరగణా నిర్బంధితుల వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

మా ముత్తాత కోదాడ దగ్గరి ఊళ్లో నిజాం కాలపు పోలీసు పటేలు. ఆయన సొంత తమ్ముడు పక్కనే, అప్పటి కృష్ణా జిల్లాలోని మునగాల పరగణాలో ఉంటూ సాయుధ పోరాట దళాలకు అన్నం చేరవేసేవారు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత తమ్ముణ్ణి పట్టుకెళ్లారు; మళ్లీ రాలేదు. అన్నే పట్టించాడని వాళ్ల వైపు, విడిపించడానికే రెండెకరాలు అమ్మాడని మా వైపు. ఈ మాట మీదే రెండిళ్ల మధ్య నేటికీ రాకపోకలు లేవు.

మిగిలింది ఒక్క పోస్టుకార్డు. జైలు ముద్రలో ఊరి పేరు చెరిగిపోయింది, ‘క్షేమం, 1949’ మాత్రం కనిపిస్తోంది. నల్గొండ వైపు ఉర్దూ దస్త్రాలు చదివించాను, పేరు లేదు. మునగాల 1959లోనే నల్గొండ జిల్లాలో కలిసింది కాబట్టి, అంతకుముందు అక్కడ అరెస్టయినవారి జైలు రికార్డులు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ కార్యాలయంలో చూడాలి?