బందరులో ఒక్క రోజు: ఏవి చూడవచ్చు?

ప్రశ్న: విజయవాడ నుంచి ఉదయం బయలుదేరి, సాయంత్రానికి తిరిగి వచ్చేలా అమ్మానాన్నలతో మచిలీపట్నం వెళ్లాలనుకుంటున్నాము. పాత రేవు చరిత్ర తెలిసే చోట్లు ఏవో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: ముందు బందరు కోటకు వెళ్లండి. 1611లో ఆంగ్లేయులు వర్తక స్థావరం పెట్టుకున్న ఈ రేవును 1864 నవంబరు 1 నాటి ఉప్పెన ముంచెత్తి వేల ప్రాణాలను బలిగొన్నది. డచ్చివారి సమాధులపై చెక్కడాలను తీరికగా చూడండి.

రెండవ జవాబు: చేరువలోని పెడనను మాత్రం వదలకండి. కరక్కాయ, పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టిన నూలుబట్టపై చెక్క అచ్చు పెట్టి, పిడికిలితో గట్టిగా అద్దే కలంకారీ పనివారిని చూస్తే, ఇక్కడి బట్టలు ఓడలెక్కి పర్షియా దాకా ఎందుకు వెళ్లాయో తెలుస్తుంది.

మూడవ జవాబు: పెద్దవారున్నారు కనుక మంగినపూడి తీరానికి ఎండ తగ్గాకే వెళ్లండి. బందరు లడ్డు, హల్వా ఊళ్లోనే కొనుక్కోండి.