సమస్యాపూరణం: "నాల్గు కాళ్ళు పోయి నడక వచ్చె"

బరంపురం పంతులు (నిర్వహణ):
ఈ వారం సమస్య పైన ఇచ్చాను. ఆటవెలది నాలుగో పాదం, అయిదు సూర్యగణాలు, యతి "నా–న". కాళ్ళు పోతే నడక రావడమేమిటన్నదే మీరు తేల్చాల్సిన ముడి. వస్తువు మాత్రం నేనే నిర్ణయిస్తున్నాను: చిన్న కారుకు వేరే కంపెనీ రిమ్ములు బిగించడం. మన గంజాం, గజపతి, రాయగడ వైపు సెకండ్ హ్యాండ్ అల్లాయ్ సెట్లు కొనే కుర్రాళ్లు ఎక్కువయ్యారు, కాబట్టి పద్యంలో చెప్పిన బిగింపు నిజంగా బండికి పనికొచ్చేదై ఉండాలి. గణాలు కుదిరి, నట్టు కుదరకపోతే మార్కులు లేవు.

కిమిడి కుర్రాడు:
మాస్టారూ, నా స్విఫ్ట్‌కి ఐ20 రిమ్ములు వేయించాను, ఆ సంతోషంలో రాసింది.

పాత రేకు రిమ్ము పక్కకు నెట్టేసి
పొరుగు కారు రిమ్ము పొందుపరచి
స్విఫ్టు రోడ్డుమీద చిందులు వేసెను
నాల్గు కాళ్ళు పోయి నడక వచ్చె

బరంపురం పంతులు:
బాగుంది తమ్ముడూ, "రేకు రిమ్ము పక్కకు నెట్టేసి" అనడంలో మాట్లాడే భాష పద్యంలోకి హాయిగా వచ్చింది. మూడో పాదంలో స్వి–చిం యతి కూడా చెల్లుతుంది, స-చలకు మైత్రి ఉంది. ఒక్క దోషం: నెట్టేసింది, పొందుపరచింది నువ్వు, చిందులు వేసింది కారు. క్త్వార్థకానికి ("నెట్టేసి" లాంటి అసమాపక క్రియకు), దాని వెంట వచ్చే క్రియకు కర్త ఒకడే ఉండాలి. "పొందుపరుప" అను, నగణం నగణంగానే ఉంటుంది, అర్థం దారిలో పడుతుంది. మొదటి పాదంలోనూ "నెట్టేసి" ఆ "పరుప"తోనే కలుస్తుంది కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

గుణుపురం గ్యారేజీ:
బిగింపు సంగతి నేను చెప్తా. రెండు బండ్లకీ పీసీడీ (నట్ల రంధ్రాలెన్ని, అవి ఉండే వలయం వ్యాసమెంత అన్న కొలత) 4×100, నడిమి బోరు (రిమ్ము మధ్య రంధ్రం) 54.1 మిల్లీమీటర్లే, కాబట్టి రిమ్ము హబ్బు (ఇరుసు చివర చక్రం బిగించే భాగం) మీద సరిగ్గా కూర్చుంటుంది. కానీ ఆ రిమ్ములతో పాటు వచ్చిన నట్లు వాడకు తమ్ముడూ. ఐ20 చేసే హ్యుందాయ్ మర 12×1.5 (మందం × మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో), స్విఫ్ట్ చేసే సుజుకీది 12×1.25. రెండు చుట్లు తిరిగి పట్టేస్తే "టైట్ అయింది" అనుకుంటారు, నిజానికి అక్కడ స్టడ్ (హబ్బు నుంచి బయటికి వచ్చే బోల్టు) మర నాశనమవుతూ ఉంటుంది. నీ బండి నట్లే వెయ్యి. స్టీరింగ్ రెండు పక్కలా పూర్తిగా తిప్పి టైరు లోపల ఎక్కడైనా రాసుకుంటోందేమో కూడా చూడు, ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత) తేడా ఉంటే అక్కడే తెలుస్తుంది. 14 అంగుళాల రిమ్ము మీది 165/80 ఆర్14 టైరు నుంచి 15 అంగుళాలకు పోతే 185/65 వెయ్యి, మొత్తం ఎత్తు 620 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటుంది, స్పీడోమీటర్ అబద్ధం చెప్పదు.

ఇక నా పద్యం, హోండా సిటీ రిమ్ములు స్విఫ్ట్‌కి ఎక్కించేవాళ్ల కోసం:

నట్టు సీటు కలిపి నడుమ రింగును పెట్టి
బిగువు తప్పకుండ బిగియ దిప్ప
వణికినట్టి బండి వడిగ సాగెను నేడు
నాల్గు కాళ్ళు పోయి నడక వచ్చె

హోండా బోరు 56.1, స్విఫ్ట్ హబ్బు 54.1. చుట్టూ మిల్లీమీటరు సందు మిగులుతుంది, అందుకే ఆ సందు నింపే హబ్ రింగు. అది లేకపోతే రిమ్ము మధ్యకు రాకుండా ఒక పక్కకు ఒరిగి బిగుస్తుంది, 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా ఆ వణుకు పోదు.

ఛత్రపురం అక్క:
మొదటి పాదంలో "నడుమ రిం / గును పెట్టి" అని గణం మాట మధ్యలో విరిగినా చెవికి చక్కగా ఉంది. కానీ అన్నగారూ, పోయిన కాళ్ళు ఏవో చెప్పలేదు. మూడు పాదాలూ బిగింపు గురించి, నాలుగోది ఎక్కడినుంచో ఊడిపడినట్టుంది. మూడో పాదం "వంగినట్టి పాత వలయములే పోయె" అంటే లంకె కుదురుతుంది.

గుణుపురం గ్యారేజీ:
ఒప్పుకున్నా అక్కా. అలాగే మారుస్తా.

రాయగడ కొత్తవాడు:
నాది తొలి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.

నూరుకున్న బోల్టు నునుపుగా దూరును
తొంబదెనిమిదైన తోసినపుడు
ఫియటు రిమ్ము పెట్టగా బిగుతుగా కూర్చుండె
నాల్గు కాళ్ళు పోయి నడక వచ్చె

బరంపురం పంతులు:
మొదటి రెండు పాదాలు, ముఖ్యంగా "తొంబదెనిమిదైన తోసినపుడు", తొలి ప్రయత్నంలో ఇంత ధార రావడం మాటలు కాదు బాబూ. మూడో పాదంలో "పెట్టగా" రగణమైంది, అక్కడ సూర్యగణం కావాలి. "పెట్ట" అంటే చాలు.

గుణుపురం గ్యారేజీ:
పద్యం దిద్దుకో, పని మాత్రం చెయ్యకు. ఫియట్ పుంటో రిమ్ము 4×98, స్విఫ్ట్ హబ్బు 4×100. ప్రతి రంధ్రమూ మిల్లీమీటరు లోపలికి ఉంటుంది. తోస్తే దూరుతుంది, నిజమే, కానీ అప్పుడు నీకు తెలిసే బిగువు సీటు (రిమ్ములో నట్టు కూర్చునే గుంట) మీద కూర్చున్న బిగువు కాదు, స్టడ్డు వంగుతున్న బిగువు. గుంతల రోడ్డు మీద కొన్నాళ్లు తిరిగితే నట్టు వదులవుతుంది, లేదా స్టడ్డే తెగుతుంది. ఫోర్డ్ ఫిగో 4×108, పోలో 5×100 అయితే అసలు దూరవు కాబట్టి ప్రమాదం లేదు. ఈ రెండు మిల్లీమీటర్ల తేడాయే మనుషుల్ని మోసం చేస్తుంది.

రాయగడ కొత్తవాడు:
మా వీధిలో ఒకాయన అలాగే వేయించుకున్నాడు అన్నా. ఈ సాయంత్రమే వెళ్లి చెప్తాను.

ఛత్రపురం అక్క:
అందరూ "కొత్త రిమ్ములు వచ్చాయి, బండి నడిచింది" అనే పూరించారు. నాకు నడక అంటే మనుషుల నడకే తోచింది. మా తమ్ముడి కారుకు ఒక షాపువాడు హోండా రిమ్ములకి సుజుకీ నట్లే బిగించి పంపాడు, ఆ తర్వాత జరిగింది ఇది.

తప్తపాణి ఘాటి దారిలో నట్టూడి
చక్రమూగిపోయి జారిపడగ
ఇంటిదాక కాళ్ళ నీడ్చితిమందరు
నాల్గు కాళ్ళు పోయి నడక వచ్చె

బరంపురం పంతులు:
అమ్మా, ఇదీ పూరణ! సమస్యలో అసంబద్ధంగా కనిపించిన మాట ఒక్క అక్షరం మారకుండా మామూలు మాటైపోయింది. చక్రాలు పోతే నడక కాక ఇంకేముంది! ఊరి పేరుతో యతి కుదరడం (త–దా) ముచ్చటగా ఉంది. ఒక్క సవరణ: తప్తపాణి నుంచి బరంపురం దాదాపు 50 కిలోమీటర్లు, ఇంటిదాకా నడిచారంటే నమ్మలేం. "ఎండలోన కాళ్ళ నీడ్చితిమందరు" అనండి. ఎ–ఈ స్వరయతి నిలుస్తుంది, ఆ నడక కష్టమూ కనిపిస్తుంది. ఈ వారానికి నా ఓటు దీనికే.

కిమిడి కుర్రాడు:
అక్కా, ఎవరికీ ఏమీ కాలేదు కదా? అన్నా, రిమ్ము ఎక్కాక కూడా నట్టు ఎందుకూడింది?

ఛత్రపురం అక్క:
ఎవరికీ ఏమీ కాలేదు తమ్ముడూ, ఎత్తు ఎక్కుతున్నాం కాబట్టి వేగం లేదు.

గుణుపురం గ్యారేజీ:
హోండా కంపెనీ రిమ్ములో నట్టు కూర్చునే గుంట గుండ్రంగా ఉంటుంది, సుజుకీ నట్టు మొన కోనులా ఉంటుంది. గుండ్రటి గుంటలో కోను పెడితే సన్నటి గీతంత మేరే తాకుతుంది, నాలుగు రోజుల్లో అక్కడ అల్యూమినియం అరిగి వదులు. పోనీ హోండా నట్టే వేద్దామంటే మర కలవదు. షాపులో "బాల్ సీటు, 12 బై 1.25" అని అడుగు, రిమ్ము ఒకటి వెంట తీసుకెళ్లి నట్టు అందులో పెట్టి చూసుకో. బిగించేటప్పుడు చివరిదాకా చేత్తోనే తిప్పు, ఆ తర్వాతే స్పానర్, అదీ ఎదురెదురు నట్లు మార్చి మార్చి, టార్క్ ఓనర్ మాన్యువల్లో ఉన్నంతే. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచి వేసి చూడు.