ఆండ్రియా డోరియా మునక: తప్పంతా కెప్టెన్ కలమాయ్‌దేనా?

తీరంరాజు:
1956 జూలై 25 రాత్రి 11 దాటాక అమెరికా తూర్పు తీరం దగ్గర, నాన్‌టకెట్ దీవికి దక్షిణాన, జెనోవా నుంచి న్యూయార్క్ వస్తున్న ఇటలీ ఓడ ఆండ్రియా డోరియాని స్వీడన్ ఓడ స్టాక్‌హోమ్ గుద్దింది, మర్నాడు పొద్దున పదింటికి డోరియా మునిగిపోయింది. రెండు ఓడల్లో కలిపి 51 మంది పోయారు. కొన్నాళ్ళుగా దీని మీద దొరికిందల్లా చదువుతున్నా. కెప్టెన్ పియెరో కలమాయ్‌కి ఆ తర్వాత మళ్ళీ ఓడే ఇవ్వలేదు, 1972లో చనిపోయాడు. కానీ ఏ కోర్టూ ఆయన్ని దోషి అనలేదు, ఎందుకంటే న్యూయార్క్‌లో నెలల తరబడి సాక్ష్యాలు తీసుకున్నాక 1957 జనవరిలో రెండు కంపెనీలూ బయటే సెటిల్ చేసుకున్నాయి, విచారణ మధ్యలోనే ఆగిపోయింది. నాకైతే ఆయన్ని బలి చేశారనే అనిపిస్తోంది. మీరేమంటారు?

రేవుబాబు:
బలి ఏంటి గురూ. నేను డెక్ ఆఫీసర్‌గా చేసినవాణ్ణి, నాకు ఇది చాలా సింపుల్ కేసు. దట్టమైన పొగమంచు, అయినా స్పీడ్ 23 నుంచి 21.8 నాట్స్‌కి (గంటకి అన్ని సముద్రపు మైళ్ళు) తగ్గించాడు అంతే, దాన్ని తగ్గించడం అంటారా? పొద్దున్నే న్యూయార్క్ చేరాలని తొందర. రాడార్‌లో ఎదుటి ఓడ 17 మైళ్ళ దూరంలోనే కనపడింది, అప్పుడు టైమ్ 10:45. రెండు ఓడల స్పీడ్ కలిపితే సుమారు 40 నాట్స్, అంటే గుద్దుకోవడానికి 25 నిమిషాలు ఉంది. పాతిక నిమిషాల్లో ప్లాటింగ్ (రాడార్‌లో కనపడ్డ చోట్లని గీసి ఎదుటి ఓడ ఎటు వెళ్తోందో లెక్క తియ్యడం) చెయ్యలేదు, రాడార్ తెరని కంటితో చూసి కుడిపక్క నుంచి పోతుందిలే అనుకున్నారు. ఎదురెదురుగా వచ్చే ఓడలు కుడికి తిప్పుకోవాలి, ఈయన ముందు 4 డిగ్రీలు ఎడమకి తిప్పి, లైట్లు కనపడ్డాక ఫుల్‌గా ఎడమకే తిప్పాడు, ఉన్న పక్కభాగం అంతా అవతలి ఓడ ముక్కుకి అప్పజెప్పినట్టు అయింది. ఇంకేం కావాలి?

సుజాత_లాపాయింట్:
రేవుబాబు గారూ, మీరు ఒక ఓడ బ్రిడ్జ్ (ఓడ నడిపే గది) గురించే చెప్తున్నారు. స్టాక్‌హోమ్ బ్రిడ్జ్ మీద ఆఫీసర్ అంటూ ఉన్నది 26 ఏళ్ళ థర్డ్ మేట్ (కింది స్థాయి ఆఫీసర్) కార్‌స్టెన్స్ జోహాన్సెన్ ఒక్కడు, కెప్టెన్ నార్డెన్‌సన్ కింద కేబిన్లో ఉన్నాడు. పైగా స్టాక్‌హోమ్ వెళ్తున్నది న్యూయార్క్ వైపు వచ్చే ఓడలకి సూచించిన దారిలో, ఎదురుగా. స్వీడన్ కంపెనీ ఆ దారుల ఒప్పందంలో లేదు కాబట్టి చట్టప్రకారం తప్పు కాదు, కానీ చట్టం తప్పనలేదు కాబట్టి జాగ్రత్తగా ఉన్నట్టు అయిపోదు కదా అండి.

రేవుబాబు:
కుర్రాడు చిన్నవాడే మేడమ్, కాదనను. కానీ అతను ప్లాట్ చేశాడు, తిప్పింది కూడా కుడికే. 58 ఏళ్ళ కెప్టెన్ చెయ్యని పని చేశాడు.

తీరంరాజు:
అసలు గొడవ అక్కడే ఉంది అన్నా. డోరియా లెక్క ప్రకారం స్టాక్‌హోమ్ తమకి కొంచెం కుడివైపు ఉంది, స్టాక్‌హోమ్ లెక్క ప్రకారం డోరియా తమకి కొంచెం ఎడమవైపు ఉంది, ఈ రెండూ ఒకేసారి నిజం కావు. రెండు ఓడల కోర్స్ రికార్డర్ (ఓడ ఎప్పుడు ఎటు తిరిగిందో నమోదు చేసే యంత్రం) గ్రాఫ్‌లూ మిగిలాయి కాబట్టి తర్వాతి వాళ్ళు లెక్కలు వేశారు. జాన్ కరోథర్స్ అని ఒక మెరైన్ ఇంజినీర్ చెప్పేదేంటంటే, ఆ థర్డ్ మేట్ రాడార్ 5 మైళ్ళ రేంజ్ (తెర మీద చూపించే దూరం) మీద ఉంటే 15 అనుకుని చదివాడు అని. అదే నిజమైతే 6 మైళ్ళ దూరం అనుకున్నది నిజానికి 2 మైళ్ళు, మీ 40 నాట్స్ లెక్కతోనే చూడండి, చేతిలో ఉన్నది 3 నిమిషాలు. తప్పు స్కేల్ మీద ఎంత నీట్‌గా ప్లాట్ చేస్తే ఏం లాభం?

పెద్దపల్లి_కుర్రోడు:
భయ్ మధ్యల వస్తున్న ఏమనుకోకుండ్రి, ఓడల నీళ్ళు ఆపే తలుపు ఒకటి లేకుండెనట, అందుకే మునిగిందని చదివిన. గట్లయితే కెప్టెన్ ఏం జేస్తడు?

తీరంరాజు:
ఆ తలుపు కథ పాతదే తమ్ముడూ. 1981లో పీటర్ గింబెల్ అనే డైవర్ టీమ్ మునిగిన ఓడ దగ్గరికి దిగి చూస్తే అక్కడ ఓడ పక్కభాగమే చీలిపోయి ఉంది, తలుపు ఉన్నా ఒరిగేది లేదు. అసలు సమస్య ఇంధనం ట్యాంకులు. ప్రయాణం చివరికొచ్చేసరికి అవి ఖాళీ అవుతాయి, వాటిల్లో సముద్రపు నీళ్ళు నింపితే ఓడ నిలకడగా ఉంటుంది, కానీ రేవులో ఆ మురికినీళ్ళు తోడించాలంటే ఖర్చు, అందుకని నింపలేదు. దెబ్బ తగిలిన కుడివైపు ట్యాంకుల్లోకి నీళ్ళు దూరాయి, ఎడమవైపువి ఖాళీగా ఉండిపోయాయి, నిమిషాల్లో ఓడ 18 డిగ్రీలు ఒరిగింది. ఉన్న 16 లైఫ్‌బోట్లలో పైకి లేచిన వైపు 8 దింపడానికే రాలేదు.

సుజాత_లాపాయింట్:
ఆ ట్యాంకుల సంగతిలో కెప్టెన్ ఎంత, కంపెనీ ఎంత అన్నది విడదీసి చూడాలి. సెటిల్‌మెంట్ వల్ల కంపెనీ పరువు నిలిచింది, కెప్టెన్‌ది పోయింది.

పెద్దపల్లి_కుర్రోడు:
ఆయన ఓడ దిగనన్నడట గదా? మీరు దిగకుంటే మేం గూడ మళ్ళ ఎక్కుతం అని ఆఫీసర్లు బెదిరిస్తెనే దిగిండట. గసొంటి మనిషిని తిడుతుండ్రు.

రేవుబాబు:
తమ్ముడూ, మనిషి మంచోడు అని నేనూ అంటా. గుద్దిన తర్వాత ఆయన పని బాగానే చేశాడు, ఫ్రెంచ్ ఓడ ఇల్ ద ఫ్రాన్స్ వెనక్కి తిరిగొచ్చి ఒక్కటే 753 మందిని ఎక్కించుకుంది, చివరికి 1,660 మంది బతికి బయటపడ్డారు. కానీ అది 11:10 తర్వాతి సంగతి. మన ప్రశ్న 10:45కీ 11:10కీ మధ్య ఏం జరిగిందని. మొదటి బోట్లలో స్టాక్‌హోమ్ చేరినవాళ్ళలో ఎక్కువమంది డోరియా సిబ్బందే అన్న సంగతి కూడా పెట్టండి, హీరోయిజం లెక్కేసేటప్పుడు.

తీరంరాజు:
అది నిజమే, ఇటలీ వాళ్ళు అప్పట్లో దాని మీద చాలా మాటలు పడ్డారు. కానీ స్వీడన్ కంపెనీ తన కుర్రాణ్ణి గట్టిగా వెనకేసుకొచ్చింది, ఇటలీ కంపెనీ తన కెప్టెన్‌ని ఇంట్లో కూర్చోబెట్టింది. జనం దాన్నే తీర్పు అనుకున్నారు.

రేవుబాబు:
రాడార్ స్కేల్ మాట "అయి ఉండొచ్చు" దాకా ఒప్పుకుంటా రాజూ. కానీ కలమాయ్ కేబిన్లో లేడు, మంచు పట్టినప్పట్నించీ బ్రిడ్జ్ మీదే నిలబడి ఉన్నాడు, ప్లాట్ చెయ్యండ్రా అని ఒక్క మాట అనలేదు. దోషుల్లో ఒకడు అను, సంతకం పెడతా. బలి అంటే మాత్రం పెట్టను.

సుజాత_లాపాయింట్:
"దోషుల్లో ఒకడు" అయితే రెండో పేరు నార్డెన్‌సన్‌ది రాయండి. మంచు వస్తే నన్ను పిలువు అని చెప్పి కిందికెళ్ళడం ఆ సముద్రంలో, జూలైలో, నాకు మింగుడుపడట్లేదు.