కోడిని తెచ్చిన కుక్కకు శభాష్ అనవచ్చా?

బురదబూట్లు:
నిన్న పొలాల మధ్య కాలిబాటన మూడేళ్ళ లాబ్రడార్‌తో నడుస్తుండగా జరిగిన సంగతి ఇది. మా కుక్క కంచె సందులోంచి దూరి వెళ్ళిపోయింది. నేను ఈల వేశాను, మళ్ళీ వేశాను, నాలుగోసారి వేసేసరికి నా ఊపిరి అయిపోయింది గానీ దాని జాడ లేదు. ఐదు నిమిషాల తరువాత అది తల ఎత్తుకుని, తోక ఆడిస్తూ, నోట బతికి ఉన్న కోడితో తిరిగి వచ్చి, నా ఎదుట బుద్ధిగా కూర్చుని, శిక్షణలో డమ్మీని, అంటే పక్షికి బదులు వాడే గుడ్డ మూటను, అందించినట్లే దానిని నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ "శభాష్" అన్నాను. తల ఎత్తి చూస్తే కోడి యజమాని కంచె అవతలే నిలబడి ఉన్నాడు. చంకలో ఆయన కోడి, నోట శభాష్. ఇక నేను ఏమి చెప్పినా నమ్మేవారెవరు?

తెచ్చి ఇచ్చిన కుక్కను మందలిస్తే ఇక ముందు ఏదీ చేతికి ఇవ్వదని గన్‌డాగ్‌లను, అంటే పక్షుల వేటలో తోడుండే కుక్కలను, పెంచేవారందరూ చెబుతారు. మెచ్చుకుంటే రేపు మరొక కోడిని తెస్తుంది. ఏది సరైన పని? కోడికి ఒక్క ఈక కూడా ఊడలేదని మనవి.

తోకచుక్క:
పక్షి కనబడితే కదలకుండా నిలబడి చూపించే జాతి మా పాయింటర్. అది ఒక ఇంటి ముందున్న సిమెంటు బాతును చూసి ముందరి కాలు ఎత్తి, తోక బిగించి, కదలకుండా నిలబడిపోయింది, చివరకు దానిని ఎత్తుకుని రావలసి వచ్చింది. మీ కుక్క అదృష్టవంతురాలు, దానికి నిజమైన పక్షి దొరికింది.

పాతడమ్మీ:
శభాష్ అనడం ముమ్మాటికీ తప్పు. కోడిని మౌనంగా తీసుకుని, కుక్కకు లీషు తగిలించి, యజమానికి క్షమాపణ చెప్పి ఇంటికి నడవవలసింది. మెచ్చుకోలునైనా మందలింపునైనా కుక్క ఆ క్షణంలో చేస్తున్న పనికే ముడి వేసుకుంటుంది కనుక, మీరు తిట్టి ఉంటే అది దొంగతనానికి కాక, మీకు అప్పగించినందుకు పడిన శిక్ష అయ్యేది. అందుచేత తిట్టకపోవడం మంచిదే. కానీ పంపకుండా వెళ్ళిన కుక్క ఎంత చక్కగా తెచ్చినా అది తెచ్చినట్లు లెక్క కాదు. అసలు తప్పు అంతకు ఐదు నిమిషాల ముందు, అది కంచె వైపు ముక్కు తిప్పినప్పుడు జరిగింది. అప్పుడు మీరు ఎటు చూస్తున్నారు?

బురదబూట్లు:
పాతడమ్మీ గారూ, మీ తర్కం ప్రకారమే చూద్దాం. తిట్టు అప్పగింతకే అంటుకుంటుందని మీరే అన్నారు. అలాగైతే శభాష్ కూడా అప్పగింతకే అంటుకోవాలి కదా? కంచె దూరడానికి అది ఎలా అంటుకుంటుంది? తిట్టుకు ఒక న్యాయం, మెచ్చుకోలుకు మరొక న్యాయమా? అప్పుడు నేను ఫోను చూస్తున్నానన్నది వేరే విషయం.

పాతడమ్మీ:
వేరే విషయం కాదు, ఉన్న విషయం అదొక్కటే.

ముళ్ళకంచె:
లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉందని, దానివల్ల వాటికి తిండి యావ ఎక్కువని కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో వెల్లడించారు. పాపం, కుక్కను అనవలసిన పని లేదు.

పాతడమ్మీ:
జన్యువు తినమంటుంది. ఈ కుక్క తినలేదు, తెచ్చింది. జన్యువును ఈ చర్చలోకి లాగకండి.

కోడికూత:
నేను కుక్కల మనిషిని కాను. మా బంధువు పంపితే ఈ చర్చ చదివాను. ఒక్క ఈక కూడా ఊడలేదన్న మాట చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. మా దొడ్లోకి ఒకసారి స్పానియెల్ జాతి కుక్క దూరింది. దేనినీ కరవలేదు, అన్నింటినీ లేపి ఎగరగొట్టింది, అంతే. దాని యజమాని వచ్చి, పొదల్లోంచి పక్షులను లేపడమే దాని పుట్టుక లక్షణమని గర్వంగా వివరించి, నవ్వి వెళ్ళిపోయాడు. ఆ తరువాత వారం దాటినా మా కోళ్ళు గుడ్లు సరిగ్గా పెట్టలేదు. ఒకటి నీళ్ళ తొట్టి వెనుక ఇరుక్కుని సాయంత్రం దాకా బయటకు రాలేదు. కుక్కకు చెలగాటం, కోడికి ప్రాణసంకటం. ఈకలు లెక్కపెట్టి ఏమీ కాలేదనడం మీకు చెల్లుతుంది, కోడికి చెల్లదు.

బురదబూట్లు:
మీకు జరిగిన దానికి విచారిస్తున్నాను. అయితే నా కుక్క స్పానియెల్ కాదు, అది దేనినీ ఎగరగొట్టలేదు. మెత్తని పట్టు అంటే ఏమిటో తెలియనివారి కోసం చెబుతున్నాను: పక్షిని గాయపరచకుండా నోట పట్టి తేవడం ఈ జాతులలో తరతరాలుగా ఎంపిక చేసి నిలిపిన గుణం. కోడిని కింద పెట్టగానే అది ఒళ్ళు దులుపుకుని నడిచి వెళ్ళింది. ఊడినవి రెండే ఈకలు.

తోకచుక్క:
మొదట ఒక్క ఈక కూడా ఊడలేదన్నారు.

కోడికూత:
నేనూ అదే అడగబోతున్నాను.

బురదబూట్లు:
అవి పాత ఈకలు. ఎలాగూ ఊడేవే.

పాతడమ్మీ:
ఈకల గొడవ కట్టిపెట్టి అసలు మాటకు వద్దాం. ఇంగ్లండు, వేల్సులలో 1953 నాటి చట్టం ఒకటి ఉంది. దాని ప్రకారం కుక్క పశువులను కరవనక్కర లేదు, వాటికి హాని కలిగేలా తరిమినా నేరమే. ఆ చట్టంలో పశువులంటే కోళ్ళు కూడా. అదే చట్టం, గొర్రెలున్న పొలంలో కుక్క అదుపు లేకుండా తిరగడం నేరమంటూ, పనిలో ఉన్న గన్‌డాగ్ వంటి కొన్ని కుక్కలకు మినహాయింపు ఇచ్చింది. "పనిలో ఉన్న" అన్న మాటను గమనించండి. జాతి లాబ్రడార్ అయినంత మాత్రాన సరిపోదు. 2011లో లండన్ రిచ్‌మండ్ పార్కులో ఫెంటన్ అనే లాబ్రడార్ జింకల మందను తరిమిన వీడియోలో యజమాని అరుపులు విని లోకమంతా నవ్వింది. అరుపులు విన్నవారే గానీ, జింకలు బెదిరి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తడాన్ని పట్టించుకున్నవారు తక్కువ. పని చేయించలేనివారు పని కుక్కను పెంచడం ఎందుకు? బురదబూట్లు గారికి ఈ మాట ఇంతకు ముందు మరొక చర్చలో కూడా చెప్పాను. దానిని పని ఉన్నవారికి ఇవ్వడమే దానికి మేలు.

బురదబూట్లు:
వచ్చారా అక్కడికి? నేను ఏమి అడిగినా మీరు చివరకు తేలేది కుక్కను ఇచ్చివేయమనే. గుంటలో పడ్డానంటే ఇచ్చివేయమన్నారు, పొడుగు తాడు కాళ్ళకు చుట్టుకుని బోర్లా పడ్డానంటే ఇచ్చివేయమన్నారు, ఇప్పుడు కోడి దొరికింది. ఒక్క మాట చెబుతాను, వినండి. ఆ కుక్క నాది కాదు. దానిని పిల్లప్పటి నుంచి పెంచి, కూర్చోబెట్టడం, ఆపడం, పంపడం అన్నీ నేర్పినవారు మా నాన్నగారు. ఆయన గత ఏడాది నుంచి కర్ర లేకుండా నిలబడలేరు. కిటికీ దగ్గర కూర్చుని మేము తిరిగి వచ్చే దారి చూస్తారు. నేను దానికి పని చేయించలేనని నాకు తెలుసు. అది నాన్నగారికి తెలియకూడదనే ఇక్కడ అడుగుతున్నాను. చేతికి చక్కగా ఇచ్చిందని ఇంటికి వెళ్ళి ఆయనకు చెబితే ఆయన ముఖం ఎలా వెలిగిందో మీకు తెలియదు. కోడి అని చెప్పలేదు. డమ్మీ అని చెప్పాను.

ముళ్ళకంచె:
ఇప్పుడు ఏమి రాయాలో నాకు తోచడం లేదు.

కోడికూత:
ఇది నాకు తెలియదు. అయినా కోడి యజమానికి ఏమి చెప్పారో మీరు ఇంతవరకూ రాయలేదు.

బురదబూట్లు:
నిజమే, రాయలేదు. కోడిని ఆయన చేతికి ఇచ్చి, ఏమీ కాలేదు చూడండి అన్నాను. క్షమాపణ చెప్పినట్లు గుర్తు లేదు. రేపు వెళ్ళి చెబుతాను.

పాతడమ్మీ:
ఇచ్చివేయమన్న మాటను వెనక్కు తీసుకుంటున్నాను. ఒకటి అడుగుతాను. మీరు వేసే ఈల మీ నాన్నగారిదేనా, లేక మీరు కొన్నదా? గన్‌డాగ్ ఈలల మీద అంకె ఉంటుంది. ఒకే అంకె ఉన్న ఈలలన్నీ ఒకే స్థాయిలో మోగేలా తయారు చేస్తారు. పాతది పోయినా కొత్తదానిని కుక్క గుర్తు పట్టాలన్నదే దాని ఉద్దేశం. అంకె మారితే స్వరం మారుతుంది. ఆయన ఆగడానికి ఒకే పొడుగు ఈల, వెనక్కు రావడానికి పొట్టి ఈలలు నేర్పి ఉంటారు. మీరు ఎలా వేశారు?

బురదబూట్లు:
పొడుగ్గా నాలుగుసార్లు వేశాను. అంటే వెనక్కు రమ్మనలేదన్నమాట, ఆగమని నాలుగుసార్లు చెప్పానన్నమాట. ఇప్పుడే నాన్నగారి బల్ల సొరుగు తీసి చూశాను. ఆయన ఈల తాడుతో సహా అక్కడే ఉంది. మూతి దగ్గర పంటి గాట్లు పడి అంకె సగం అరిగింది గానీ, వెలుతురులో వంచి చూస్తే 211½ అని కనిపిస్తోంది. నాది 210½.

తోకచుక్క:
అంటే ఇన్నాళ్ళూ ఆ కుక్క మిమ్మల్ని ఎవరో అనుకుంటోంది.

పాతడమ్మీ:
రేపు ఆ పాత ఈలతో, లీషు విప్పకుండా, కోళ్ళు లేని చోట మొదలుపెట్టండి. శభాష్ విషయంలో మాత్రం నా మాట మారదు.